పెద్ద చక్రాలు, ఇరుకు గూడు: మన సేవా కారు దగ్గర నేర్చుకున్న పాఠం



ప్రతి ఏటా ఈ సంచికలో జమా ఖర్చుల పట్టికలు, పిల్లల ఫీజుల వివరాలు, కుట్టు మిషన్ల పంపిణీ ఫోటోలు వేస్తుంటాం. ఈసారి వాటితో పాటు కారు టైర్ల గురించి కూడా ఒక వ్యాసం ఉండాలని కమిటీలో అనుకున్నాం. ధార్మిక సంస్థ సంచికలో టైర్ల పాఠమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. కానీ ఆ కారు మీ డబ్బుతో కొన్నది, మీ డబ్బుతో నడుస్తున్నది. దానికి పెద్ద చక్రాలు వేయించి మేము చేసిన పొరపాటు వల్ల తొమ్మిది రోజులు అది షెడ్డులో నిలిచిపోయింది. ఆ తొమ్మిది రోజులూ డయాలసిస్‌కు వెళ్ళేవారు ఆటోలు, బస్సులు పట్టుకుని తిరిగారు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాం. సొంత కారుకు పెద్ద చక్రాలు వేయించాలని సరదా పడే కుర్రాళ్ళు మన ఇళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళకూ ఇది పనికొస్తుంది.

మన కారు సంగతి కొత్తవారి కోసం రెండు మాటల్లో చెబుతాం. జొన్నాడ, ఆలమూరు చుట్టుపక్కల పేద రోగులను, మతం చూడకుండా, రాజమహేంద్రవరం ఆసుపత్రులకూ కాకినాడ ప్రభుత్వ సాధారణ ఆసుపత్రికీ తీసుకెళ్ళి తీసుకొస్తుంది. అది అంబులెన్సు కాదు, మామూలు పెట్రోలు కారు. వెనక సీట్లో రోగి, పక్కన తోడు వచ్చినవారు, ముందు డ్రైవరు, డిక్కీలో మంచినీళ్ళ సీసాలు, దుప్పట్లు, ఒక్కోసారి ఆక్సిజన్ సిలిండరు ఉంటాయి. ఎప్పుడూ బరువుతోనే తిరిగే బండి అన్నమాట. ఈ బరువు విషయం గుర్తుంచుకోండి, తరువాత మళ్ళీ వస్తుంది.

కువైట్‌లో పనిచేస్తున్న మన ఊరి సోదరుడు ఒకరు, చనిపోయిన తన తండ్రి పేరు మీద సవాబు కోసం ఏదైనా చేయాలనుకున్నారు. కారు టైర్లు అరిగిపోయాయని తెలిసి, నాలుగు అలాయ్ చక్రాలూ నాలుగు కొత్త టైర్లూ పంపిస్తానన్నారు. బంధువుల కుర్రాడి ద్వారా ఒక షాపులో కొనిపించారు. "గోతుల రోడ్లకు పెద్ద టైరే గట్టి" అని షాపువారు చెప్పారట. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఏటిగట్టు రోడ్ల మీద, వానాకాలం పోయాక మన లంక దారుల మీద తిరిగినవారెవరికైనా టైరు గోడ ఎత్తుగా ఉంటే కుదుపు తగ్గుతుందని తెలుసు. మేమూ తలూపాం. తండ్రి పేరు మీద ఇచ్చే వస్తువును సైజు చూసి తీసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వచ్చినా అడగడానికి మొహమాటపడేవాళ్ళమేమో.

చక్రాలు బిగించిన రోజు కారు చాలా అందంగా కనిపించింది. జుమా నమాజు తరువాత మస్జిద్ బయట అందరూ చుట్టూ చేరి చూశారు. మూడో రోజున డ్రైవరు వచ్చి, "స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు ఎక్కడో గర్రుమంటోందండి, మనుషులెక్కితే వెనకాల కూడా వస్తోంది" అన్నాడు. కొత్త టైరు కదా, సర్దుకుంటుందిలే అన్నాం. ఈ వ్యాసంలో మేము ఒప్పుకోవలసిన మొదటి తప్పు ఇదే. టైరు రాసుకోవడం సర్దుకునే జబ్బు కాదు. కిలోమీటరు కిలోమీటరుకూ ముదిరే జబ్బు.

తరువాతి వారం కారును ఒక షాపుకు తీసుకెళ్ళాం. జాకీ ఎత్తి, చక్రాన్ని చేత్తో తిప్పి, "ఎక్కడా తగలడం లేదు, మీ భ్రమ" అన్నారు. మేమూ కళ్ళారా చూశాం, నిజంగానే తగలలేదు. అసలు మోసం అక్కడే ఉంది. కారును జాకీ మీద ఎత్తినప్పుడు స్ప్రింగు సాగి చక్రం కిందికి జారుతుంది. టైరుకూ పైన గూడుకూ మధ్య జాగా ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. రాసుకోవడం జరిగేది కారు బరువుతో కిందికి కూర్చున్నప్పుడు, చక్రం పైకి లేచినప్పుడు. జాకీ మీద చూసి రాసుకోవడం లేదని చెప్పడం, పడుకున్న మనిషిని చూసి కుంటి లేదని చెప్పినట్టే.

ఒకరోజు రాత్రి రాజమహేంద్రవరం నుంచి డయాలసిస్ ముగించుకుని ఒక పెద్దాయననూ ఆయన భార్యనూ కొడుకునూ తీసుకుని వస్తుండగా, కడియపులంక నర్సరీలు దాటాక రబ్బరు కాలిన వాసన వచ్చింది. డ్రైవరు పక్కకు ఆపి సెల్‌ఫోను లైటు వేసి చూశాడు. వెనక ఎడమ టైరు భుజం చుట్టూ కత్తితో గీసినట్టు కోత. కోతలో నుంచి లోపలి దారాలు తెల్లగా కనిపిస్తున్నాయి. చక్రం గూడు అంచున ఉండే ఇనుప మడత బరువుకు కిందికి దిగి, ప్రతి గతుకులోనూ టైరును కొంచెం కొంచెం కోసుకుంటూ వచ్చింది. ఆ టైరు హైవే మీద వేగంలో పేలి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. అల్లాహ్ కాపాడాడు.

స్టెప్నీ వేద్దామంటే ఇంకో చిక్కు. దాత ఇచ్చినవి నాలుగే చక్రాలు, స్టెప్నీ మాత్రం పాత చిన్న సైజుదే. మన కారుకు ఇంజను బలం ముందు చక్రాలకు వెళ్తుంది. దెబ్బతిన్నది వెనక చక్రం కాబట్టి దాని స్థానంలో చిన్న స్టెప్నీ వేసి, వేగం 40 దాటకుండా మెల్లగా ఇంటికి చేర్చాడు. అదే ముందు చక్రమైతే, ఒక పక్క పెద్దదీ ఒక పక్క చిన్నదీ పెట్టి నడిపితే గేరుబాక్సు మీద భారం పడేది. పెద్దాయన రోడ్డు పక్కన దుప్పటి మీద దాదాపు గంటసేపు కూర్చోవలసి వచ్చింది. ఒక్క మాటైనా అనలేదు. మాకు మాత్రం ఆ గంట ఇప్పటికీ గుర్తుంది.

మరునాడు కారును పక్కన పెట్టేశాం. ఈసారి పెద్ద షాపులకు పోకుండా, హైవే పక్కన లారీల టైర్లతోనే జీవితం గడిపిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన మొదటి మాటే, "ఖాళీ బండి చూపిస్తే నాకేం తెలుస్తుందండీ? మీరు ముగ్గురూ ఎక్కండి ముందు." తరువాత ఆయన చేసినదంతా ఇక్కడ రాస్తున్నాం. ఇది ఎవరైనా ఇంటి దగ్గర చేసుకోగలిగిన పరీక్షే.

చదునైన నేల మీద బండి నిలబెట్టి, డ్రైవరు తలుపు తెరిచినప్పుడు కనిపించే స్టిక్కరు మీద ఉన్నంత గాలి నాలుగు టైర్లకూ పట్టించారు. తరువాత బడిపిల్లల తెల్ల సుద్దముక్కతో ప్రతి టైరు భుజానికీ, లోపలి వైపూ బయటి వైపూ, చుట్టూ పూశారు. వెనక సీట్లో మమ్మల్ని కూర్చోబెట్టి, స్టీరింగును ఒక చివర నుంచి మరో చివరకు తిప్పుతూ నడక వేగంతో ఎనిమిది అంకె వేసినట్టు తిప్పించారు. దిగి చూస్తే సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడ రాసుకుంటున్నట్టు. తరువాత ముందు కుడి చక్రం కిందా వెనక ఎడమ చక్రం కిందా ఒక్కో చెక్కదిమ్మ పెట్టి, బండిని మెల్లగా వాటి మీదికి ఎక్కించారు. గతుకు రోడ్డు మీద బండి మెలికపడినట్టు నిలబడింది. అలా ఉన్నప్పుడు టైరుకూ గూడుకూ మధ్య, లోపల టైరుకూ షాకబ్జరుకూ మధ్య ఎంత జాగా ఉందో అట్టముక్క దూర్చి చూశారు. వేళ్ళు పెట్టవద్దని మమ్మల్ని రెండుసార్లు హెచ్చరించారు. బండి జారితే వేళ్ళు పోతాయి. ఇంజను ఆపి, హ్యాండు బ్రేకు వేసి, మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టిన తరువాతే ఇది చేయాలి.

ఫలితం ఇలా వచ్చింది. ముందు రెండు చక్రాలూ పూర్తిగా తిప్పినప్పుడు గూడులోపలి ప్లాస్టిక్ లైనరు వెనక భాగానికి తగులుతున్నాయి. లైనరు మీద ఆ చోటు నూనె రాసినట్టు నున్నగా మెరుస్తోంది. ఇది చికాకే కానీ ప్రాణం మీదికి వచ్చేది కాదు. వెనక రెండు చక్రాలూ, మనుషులు ఎక్కినప్పుడు మాత్రమే, గూడు అంచు ఇనుప మడతకు తగులుతున్నాయి. ప్రాణం మీదికి వచ్చేది ఇదే. ఖాళీ బండిలో ఒక్క చప్పుడూ లేదు. మొదటి షాపులో మనకు ఏమీ కనిపించకపోవడానికి ఇది రెండో కారణం.

ఎందుకు తగులుతోందో తెలియాలంటే టైరు మీద అంకెలు చదవడం రావాలి. ఇక్కడ కొంచెం లెక్క ఉంది, ఓపిక పట్టండి. పదో తరగతి పిల్లలకు ఇచ్చి చూడండి, సరదాగా చేస్తారు.

మన కారుకు కంపెనీ ఇచ్చిన టైరు 165/80 ఆర్ 14. మొదటి అంకె టైరు వెడల్పు, 165 మిల్లీమీటర్లు. రెండోది టైరు గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. 165లో 80 శాతం అంటే 132 మిల్లీమీటర్లు. చివరిది రిమ్ము వ్యాసం, 14 అంగుళాలు అంటే 355.6 మిల్లీమీటర్లు. టైరు గోడ రిమ్ముకు పైనా కిందా ఉంటుంది కాబట్టి 132ను రెండుసార్లు కలపాలి. చక్రం మొత్తం ఎత్తు 619.6 మిల్లీమీటర్లు.

మనకు వచ్చిన టైరు 205/65 ఆర్ 15. గోడ ఎత్తు 133.25, రెండు వైపులా 266.5. రిమ్ము 381. మొత్తం 647.5 మిల్లీమీటర్లు. అంటే పాతదానికంటే దాదాపు 28 మిల్లీమీటర్లు పెద్దది, నూటికి నాలుగున్నర వంతు. చక్రం నడిమధ్య నుంచి కొలిస్తే 14 మిల్లీమీటర్లు ఎక్కువ. "చక్రం పెద్దదైతే బండి ఎత్తు పెరుగుతుంది కదా, జాగా పెరగాలి కదా" అని మాలో ఒకరు వాదించారు. బండి పైకి లేచిన మాట నిజమే. కానీ గూడుకూ ఇరుసుకూ మధ్య దూరం మారలేదు, టైరు మాత్రం ఆ దూరంలోకి 14 మిల్లీమీటర్లు పెరిగింది. కాబట్టి టైరు పైన జాగా పెరగదు, అంతమేర తగ్గుతుంది.

వెడల్పు 40 మిల్లీమీటర్లు పెరిగింది. రిమ్ము సరిగ్గా మధ్యలో కూర్చుంటే లోపలికి 20, బయటికి 20. కానీ రిమ్ముకు ఆఫ్‌సెట్ అనే లెక్క ఒకటుంది. రిమ్ము వెడల్పు నడిమిగీతకూ, హబ్బుకు ఆనుకునే తలానికీ మధ్య దూరం అది. రిమ్ము లోపలి వైపు ఈటీ అనే అక్షరాల పక్కన పోతపోసి ఉంటుంది. మన పాత రిమ్ము మీద 40 అని ఉంది, కొత్త అలాయ్ మీద 35. ఈ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. ఇక్కడ 5 మిల్లీమీటర్లు వచ్చింది. దాంతో బయటి వైపు పెరుగుదల 25 అయింది, లోపలి వైపు 15 అయింది. పైన 14, బయటికి 25. వెనక ఇనుప మడత టైరును కోయడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇంకో ముచ్చట. ఈ చక్రాలు వేసిన నెల నుంచి కారు మైలేజీ పడిపోయిందని మా కోశాధికారి గారు డ్రైవరును నిలదీశారు. లాగ్‌బుక్కులో లీటరుకు 18 ఉన్నది 16.5కు దిగింది. పెట్రోలు ఎక్కడికి పోతోందన్న అనుమానం మనసులో పెట్టుకున్నామని ఇప్పుడు సిగ్గుతో చెబుతున్నాం. అసలు సంగతి ఏమిటంటే, మీటరు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి కిలోమీటర్లుగా చూపిస్తుంది. చక్రం పెద్దదైతే తక్కువ చుట్లకే ఎక్కువ దూరం పోతుంది. బండి నిజంగా 100 కిలోమీటర్లు నడిస్తే మీటరు 95.7 మాత్రమే చూపించింది. ఆ 16.5ను సరిచేస్తే నిజానికి లీటరుకు 17.2 వచ్చినట్టు. మిగిలిన తేడా బరువైన చక్రాల వల్ల, రాపిడి వల్ల. పాత చక్రాలతో పోలిస్తే వేగం కూడా తక్కువ చూపిస్తుంది. మీటరు మీద 80 అనే చోట ఇప్పుడు దాదాపు 84లో పోతున్నాం. డ్రైవరును కమిటీ ముందు పిలిచి క్షమాపణ అడిగాం. "పర్లేదండి, లెక్క తేలింది కదా" అన్నాడు.

ఇక సరిచేయడం. తొమ్మిది రోజుల్లో తలొక సలహా వచ్చింది. కొన్ని చేసి చూశాం, కొన్ని వదిలేశాం.

ముందు చక్రాల లైనరు సంగతి తేలిక. ప్లాస్టిక్ క్లిప్పులు ఊడదీసి, వేడిగాలి గన్నుతో మెత్తబరిచి, లోపలికి నొక్కి మళ్ళీ బిగించారు. గంట పని. ముందు చప్పుడు పోయింది. లైనరును కోసి పారేయమని కూడా ఒకరు అన్నారు, దానికి ఒప్పుకోలేదు. వానాకాలంలో చక్రం ఎగజిమ్మే బురదనీళ్ళు ఇంజను వైర్ల మీద పడకుండా కాపాడేది ఆ ప్లాస్టిక్కే.

వెనక ఇనుప మడతను వేడిచేసి రోలరుతో పైకి మడిచేస్తామని ఒక షెడ్డువారు ముందుకొచ్చారు. నగరాల్లో కుర్రాళ్ళు ఇది చేయిస్తారు. కానీ మడతలో పెయింటు పగిలి ఇనుము బయటపడుతుంది. సముద్రపు గాలి, గోదావరి తేమ కలిసిన మన ప్రాంతంలో పగిలిన పెయింటు కింద తుప్పు పట్టడానికి రెండు వానాకాలాలు చాలు. పైగా మడిచినా దొరికేది కొద్ది మిల్లీమీటర్లే, మనకు కావలసింది అంతకంటే ఎక్కువ. వద్దనుకున్నాం.

చక్రానికీ హబ్బుకూ మధ్య స్పేసరు పళ్ళెం వేయమని ఇంకొకరు. స్పేసరు చక్రాన్ని బయటికి నెడుతుంది. లోపల షాకబ్జరుకు తగులుతున్న బండికైతే ఆ వాదనకు అర్థముంది. మన బండికి తగులుతున్నది బయట. రోగం ఒకటి, మందు ఒకటి. పైగా స్పేసరు మందం మేరకు స్టడ్డు మీద నట్టు ఎక్కే మరలు తగ్గిపోతాయి.

గాలి ఎక్కువ కొట్టమన్నారు. టైరు గోడ ఉబ్బడం కొంచెం తగ్గుతుంది, కానీ నడిమధ్య అరిగి, తడి రోడ్డు మీద పట్టు పోతుంది. టైరు మీద గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. ఎక్కువ గాలితో తిరిగే టైరు మధ్యలో ఆ హద్దుకు ముందే వచ్చేస్తుంది.

చివరికి వెనక స్ప్రింగుల చుట్ల మధ్య గట్టి రబ్బరు ముక్కలు పెట్టించాం. బండి కిందికి కూర్చోవడం తగ్గింది, రాసుకోవడం నిజంగానే ఆగింది. సంతోషించాం. రెండో ట్రిప్పులో ఒక తల్లి, మోకాళ్ళ నొప్పులతో కాకినాడ వెళ్ళివస్తూ, "బాబూ, ఈ బండి కంటే ఎడ్లబండి నయం నాయనా" అంది. స్ప్రింగు పని స్ప్రింగును చేయనివ్వకపోతే కుదుపంతా సీట్లో కూర్చున్నవారి వెన్నుకే వస్తుంది. మన కారు ఉన్నదే నొప్పులతో ఉన్నవారి కోసం. ఆ సాయంత్రమే రబ్బర్లు తీయించేశాం.

మిగిలింది ఒక్కటే దారి, సరైన సైజుకు వెళ్ళడం. ఇక్కడ కూడా ఒక మెలిక. అదే మోడల్ కారులో ఖరీదైన రకానికి కంపెనీయే 185/65 ఆర్ 15 టైరు ఇస్తుంది. దాని ఎత్తు లెక్కకడితే 621.5 మిల్లీమీటర్లు, పాతదానికీ దీనికీ తేడా 2 మిల్లీమీటర్ల లోపే. వెడల్పు ఒక్కో పక్క 10 మాత్రమే పెరుగుతుంది, గూడు దానికి సరిపడా చేసిందే. బరువు మోసే శక్తి కూడా చూడాలి. పాత టైరు మీద 85 అని ఉంటే ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదని అర్థం. 185 టైరు మీద 88 ఉంది, అంటే 560 కిలోలు. మనకు కావలసినదానికంటే ఎక్కువే. అలాయ్‌లు 15 అంగుళాలవే కదా, వాటి మీదే ఈ టైర్లు వేసేస్తే దాత ఇచ్చినవి సగమైనా నిలబడతాయని ఆశపడ్డాం. లారీల పెద్దాయన రిమ్ము మీద అంకె చూపించి తల అడ్డంగా ఊపారు. ఆ రిమ్ము వెడల్పు 7 అంగుళాలు. 185/65 టైరుకు 5 నుంచి 6.5 అంగుళాల వరకే అనుమతి. వెడల్పు రిమ్ము మీద సన్నటైరు వేస్తే గోడలు బయటికి లాగినట్టు సాగి, గోతిలో పడ్డప్పుడు రిమ్ము అంచు నేరుగా దెబ్బ తింటుంది. అంటే టైర్లే కాదు, చక్రాలు కూడా మార్చాలి.

చట్టం సంగతి కూడా ఆ రోజుల్లోనే తెలుసుకున్నాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ మొదట నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, ఈ సెక్షనును గట్టిగా వ్యాఖ్యానించింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చని ఉంది. మన కారు యజమాని సొసైటీ. ప్రమాదం జరిగి ఇన్సూరెన్సు సర్వేయరు వస్తే టైరు సైజు చూడకుండా పోడు. అప్పుడు జవాబు చెప్పవలసింది ఈ కమిటీయే.

అయితే అన్నిటికంటే కష్టమైన పని మెకానిక్కుది కాదు, మాది. కువైట్‌కు ఫోను చేయాలి. తండ్రి పేరు మీద ఇచ్చినవి తీసేస్తున్నామని చెప్పాలి. ఇద్దరం మగ్రిబ్ తరువాత కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు టీ తాగాం. చివరికి జరిగినదంతా, ఆ రాత్రి రోడ్డు పక్కన దుప్పటితో సహా చెప్పాం. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు సైజులేం తెలుసు భాయ్‌జాన్, అబ్బాజాన్ పేరు మీద ఎవరికీ దెబ్బ తగలకూడదు. అమ్మేయండి, ఏది సరైనదో అదే వేయించండి, తక్కువైతే నాకు చెప్పండి" అన్నారు. రబ్బరు ముక్కలకూ లైనరు పనికీ అయిన ఖర్చు కూడా తానే ఇస్తానన్నారు. అది వద్దన్నాం, ఆ పొరపాటు మాది.

మంచిగా ఉన్న మూడు టైర్లను పాత ఇన్నోవా నడిపే ఒకరు తీసుకున్నారు. మొదటి తరం ఇన్నోవాకు 205/65 ఆర్ 15 కంపెనీ సైజే. రెండు జతగా, ఒకటి స్టెప్నీగా. అలాయ్‌లు మాత్రం ఆ బండికి ఎక్కవు, దానికి ఐదు నట్లు, వీటికి నాలుగు. వాటిని వేరే షాపులో అమ్మాం. కోసుకుపోయిన టైరును ఎవరికీ ఇవ్వలేదు. ప్యాచి వేసి ఎడ్లబండికో ట్రాలీకో ఇవ్వమని అడిగినవారున్నారు. గోడ దారాలు తెగిన టైరుకు ప్యాచి పనికిరాదని చెప్పి అడ్డంగా కోయించి పారేశాం.

దాతల్లో కొందరు అడిగిన ప్రశ్నకు ఇక్కడే జవాబు చెబుతాం. ఈ మార్పుకు జకాత్ సొమ్ములో ఒక్క రూపాయి కూడా వాడలేదు. జకాత్‌కు హక్కుదారులైన ఎనిమిది వర్గాలను ఖుర్ఆన్ తౌబా సూరాలో నిర్దేశించింది. మన ప్రాంతపు ఉలమాలు అనుసరించే హనఫీ పద్ధతిలో జకాత్ సొమ్ము పేదవారి చేతికి సొంతంగా చేరాలి. బండికి చక్రాలు కొనడం దానిలోకి రాదు. బండి ఖర్చులన్నీ సదకా, లిల్లాహ్ ఖాతాలోనే ఉంటాయి. రంజాన్‌లో రశీదు రాయించుకునేటప్పుడు ఏ ఖాతాకో చెప్పమని మేము పదేపదే అడిగేది అందుకే.

వస్తురూపంలో ఇవ్వాలనుకునే దాతలకు ఒక విన్నపం. టైర్లు ఇవ్వదలిస్తే కొనకముందు డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు ఫోటో మా దగ్గర తీసుకోండి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని. చవకగా వచ్చిందని ఏళ్ళ తరబడి గోడౌనులో పడున్న టైరు తీసుకోకండి. ఇచ్చేవి నాలుగు కాకుండా ఐదైతే మరీ మంచిది, ఎందుకో కడియపులంక దగ్గర మాకు తెలిసింది.

కొత్త 185 టైర్లు, వాటికి సరిపడే 5.5 అంగుళాల రిమ్ములు వేయించాక, లారీల పెద్దాయన మళ్ళీ సుద్ద పూసి, మమ్మల్ని మళ్ళీ ఎక్కించారు. ఈసారి డిక్కీలో రెండు బియ్యం బస్తాలు కూడా వేయించారు. దిమ్మల మీదికి ఎక్కించినా సుద్ద ఎక్కడా చెరగలేదు. వీల్ అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు చేయించి, వంద కిలోమీటర్ల తరువాత నట్లు మళ్ళీ బిగించి చూశాం. ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. కొత్త రిమ్ము వేసినప్పుడు ఇది మామూలేనట, అందుకే రెండోసారి బిగించడం మానకూడదు.

పదో రోజు ఉదయం ఫజర్ తరువాత కారు రాజమహేంద్రవరం బయలుదేరింది. వెనక సీట్లో అదే పెద్దాయన. లాగ్‌బుక్కులో ఇప్పుడు లీటరుకు మళ్ళీ 18కి దగ్గరగా వస్తోంది. అమ్మగా వచ్చిన సొమ్ముకు కువైట్ సోదరుడు పంపినది కలిపి అదే సైజులో స్టెప్నీ కూడా కొన్నాం. ఆ వివరాలు ఈ సంచిక చివర లిల్లాహ్ ఖాతా జమా ఖర్చుల్లో, ఆయన తండ్రి గారి పేరు మీద చూడవచ్చు.